పనివాళ్లు లేనప్పుడు కూడా 30 బోర్డు వర్తిస్తుందా?

సందేహం: రోడ్డు తవ్విన చోట 30 స్పీడు లిమిట్ బోర్డు ఉంది. మొన్న రాత్రి పది దాటాక పనివాళ్లెవరూ లేరు కదా అని 60లో వెళ్తూ, లైటు లేని కంకర కుప్పను గుద్ది బైకు మీంచి పడ్డాను. మణికట్టు విరిగింది. పోలీసులు తప్పు నాదే అంటున్నారు. కాంట్రాక్టర్ మీద కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. పనివాళ్లు ఇంటికెళ్లారని బోర్డు కూడా ఇంటికెళ్లదు. గుంతలు, కుప్పలు అక్కడే ఉంటాయి, పైగా చీకటి. 60లో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, కుప్ప కనిపించి బ్రేకు పట్టుకునేలోపే అంత దూరం అయిపోతుంది, ఆ తర్వాత బ్రేకు మీద బండి ఆగడానికి 30లో పట్టేదానికి నాలుగు రెట్ల దూరం కావాలి. అవతలి లాయరు కోర్టులో మొదట తీసేది ఈ లెక్కే.

"ఆ బోర్డు కాంట్రాక్టర్ సొంతంగా పాతుకున్నది, చెల్లదు" అని కొందరు వాదిస్తారు. కొంత పస ఉంది. మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్ ప్రకారం బోర్డులు పెట్టే అధికారం ప్రభుత్వానిది, లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థది. చలానా పడితే ఆ వాదన పనికి రావచ్చేమో గానీ, పరిహారం దావాలో ముందు ప్రమాదం ఉందని మీకు తెలుసా అనే అడుగుతారు. తెలుసని మీరే రాశారు.

అలాగని కాంట్రాక్టర్ ఒక్క బోర్డు పాతేసి చేతులు దులుపుకోలేడు. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఎస్పీ 55 మార్గదర్శకాలు పని జరిగే రోడ్ల కోసమే ఉన్నాయి: చాలా ముందు నుంచే హెచ్చరికలు, ఆ తర్వాత బళ్లను మెల్లగా పక్కకు మళ్లించే భాగం, అది దాటాకే పని జరిగే చోటు. రిఫ్లెక్టర్ కూడా లేని కుప్ప అతని నిర్లక్ష్యమే. కాబట్టి కోర్టు తప్పును ఇద్దరికీ పంచి, మీ వాటా మేరకు పరిహారం తగ్గించే అవకాశం ఎక్కువ.

అదే చట్టంలో, రోడ్డు ప్రమాణాలు పాటించని కాంట్రాక్టర్‌కు జరిమానా వేసే 198ఎ సెక్షన్ గురించి ఎవరైనా ఊరిస్తే నమ్మకండి. అది మరణం, వైకల్యం జరిగిన కేసులకు, ఆ లక్ష రూపాయల దాకా పడే జరిమానా కూడా ప్రభుత్వ నిధికే పోతుంది, మీ చేతికి రాదు. ఇంకో బండి ప్రమేయం లేదు కాబట్టి ప్రమాదాల ట్రిబ్యునల్ కంటే సివిల్ దావానే మీ దారి. ప్రభుత్వాన్ని కూడా చేర్చాలనుకుంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 80వ సెక్షన్ కింద నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి.

ఇవన్నీ తర్వాత. ముందు ఈ రాత్రే ఎవరినైనా పంపి, ఆ కుప్పను బండి లైటు వెలుగులో దూరం నుంచీ దగ్గర నుంచీ ఫొటోలు తీయించండి, ఎందుకంటే కేసు మాట చెవిన పడితే తెల్లారేసరికి అక్కడ రిఫ్లెక్టర్లు మొలుస్తాయి.