జ్వరం మాత్ర వైరస్‌ను పెంచుతుందా?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. మా వారికి నాలుగు రోజులుగా జ్వరం, ఒళ్లునొప్పులు. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలతో ఈరోజు జ్వరం తగ్గింది కానీ బాగా నీరసం, కడుపునొప్పి ఉన్నాయి. ఇబుప్రొఫెన్, బీపీ మాత్రలు వైరస్‌ను పెంచుతాయని కరోనా రోజుల్లో విన్నాం. మా అత్తగారు బీపీకి వాడే టెల్మిసార్టన్ ఆపమంటారా?

జవాబు: ఆపవద్దు. బీపీ మాత్రలపై 2020లో వచ్చిన అనుమానం తరువాతి పరిశీలనల్లో నిలవలేదు. ఇబుప్రొఫెన్ మీద ఫ్రాన్స్ ఆరోగ్య మంత్రి అప్పట్లో హెచ్చరించినా, కరోనాలో దాన్ని వాడవద్దని తాము చెప్పడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొద్ది రోజులకే స్పష్టం చేసింది.

నా ఆందోళన మీ వారి గురించి. పరీక్షించకుండా నిర్ధారించలేను గానీ, బెంగళూరులో ఇలాంటి జ్వరమంటే ముందుగా డెంగీని అనుమానించాలి. డెంగీలో ప్రమాదం తరచుగా జ్వరం దిగాకే మొదలవుతుంది. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారి బీపీ పడిపోవచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత వంటివి హెచ్చరికలు. కాబట్టి రేపటిదాకా ఆగకుండా ఈరోజే ఆసుపత్రిలో చూపించి, ప్లేట్‌లెట్లతో పాటు, రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హెమటోక్రిట్ కూడా చూడమనండి.

ఇక ఆ మాత్రల సంగతి. కత్తెరతో ముక్కలు చేసి కవర్లో వేసిచ్చే ఆ 'సెట్టు'లో స్ట్రిప్ వెనుక పేరు సగమే మిగులుతుంది, ఏది ఏమిటో ఇంటికెళ్లాక ఎవరికీ తెలియదు. వాటిలో ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఉంటే ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీసి, కడుపులో రక్తస్రావానికి దారితీయవచ్చు. స్టెరాయిడ్ కలిస్తే జ్వరం దిగి, జబ్బు కూడా తగ్గిందన్న భ్రమ కలుగుతుంది. నాలుగు రోజులు షాపు మాత్రలతో నెట్టుకొచ్చాక నాకు ఉత్తరం రాసేకన్నా, రెండో రోజే దగ్గర్లోని డాక్టర్‌కు చూపిస్తే బాగుండేది. జ్వరానికి సాధారణంగా పారాసెటమాల్ ఒక్కటే చాలు, అదీ ఆరు గంటల ఎడంతో. సెట్టులోని మాత్రలో అది ఉందని తెలియక పైన మరో డోలో 650 వేస్తే భారం కాలేయం మీద పడుతుంది. కాలేయ జబ్బు, మద్యం అలవాటు ఉన్నవారు మోతాదును డాక్టర్‌నే అడగాలి. గుండెకు ఆస్పిరిన్ వాడేవారు సొంతంగా ఆపకుండా, జ్వరం రాగానే తమ కార్డియాలజిస్టుతో మాట్లాడాలి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మిగిలిన మాత్రల ముక్కలు పట్టుకెళ్లండి. పేర్లు కనబడకపోతే షాపువాళ్లకు ఫోన్ చేసి ఇంట్లో మరొకరు కనుక్కోవచ్చు. దాని కోసం మీరు బయలుదేరడం ఆపకండి.