అప్పు మీద సింగపూర్... ఖాతాలో చూస్తే 40 వేలు!

ప్రశ్న: మాది విశాఖపట్నం. మావారు పరవాడలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తారు. చేతికి 68 వేలు వస్తుంది. నేను ప్రైవేటు బడిలో టీచర్ని, నాకు 31 వేలు. పాపకు 11 ఏళ్లు, బాబుకు 7. మా చిన్నతనంలో సెలవులంటే అమ్మమ్మగారి ఊరే, వేరే ఎక్కడికీ వెళ్లింది లేదు. పిల్లలకు ఆ లోటు ఉండకూడదని ఆదివారాలు బయటకు తీసుకెళ్తున్నాం. పాప కూచిపూడి, ఈత నేర్చుకుంటోంది. బాబును చదరంగం, అబాకస్‌లో చేర్చాం. కిందటి వేసవిలో వెళ్లిన గోవా యాత్ర తాలూకు ఈఎంఐ 6,800 ఇంకా 5 నెలలు కట్టాలి. క్రెడిట్ కార్డు మీద 84 వేల బాకీ ఉంది. వచ్చే మే నెలలో సింగపూర్ తీసుకెళ్తామని పిల్లలకు మాటిచ్చాం. ట్రావెల్స్ వాళ్లు 3.2 లక్షల ప్యాకేజీకి 16 శాతం వడ్డీతో 24 నెలల రుణం ఇప్పిస్తామంటున్నారు. చదరంగం, అబాకస్ మానిపిస్తే కట్టగలమా? పిల్లల చదువు కోసం సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే పెట్టుబడి) ఎందులో మొదలుపెట్టాలి? లెక్కల కాగితం జత చేస్తున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: కట్టలేరు. సిప్ ఇప్పుడే వద్దు. అడిగిన రెంటికీ జవాబు ఇంతే. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది మీరు అడగని విషయం కోసం. మీ లెక్కల కాగితంలో అట్టడుగున 'బ్యాంకులో ఉన్నది: 40,000' అని రాసి వదిలేశారు. దాని గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. పిల్లలున్న ఉద్యోగస్తుల ఇళ్లలో నాకు తరచూ కనిపించే పొరపాటు ఇదే. సరదాల కోసం రాబోయే రెండేళ్ల జీతాన్ని ముందే రాసిచ్చేస్తారు. వచ్చే నెల జీతం పడకపోతే ఏం చేస్తామన్నది మాత్రం ఎవరూ లెక్క వేసుకోరు.

మనమే వేద్దాం. ఇంటి రుణం 27 వేలు, బడి ఫీజులు సగటున 14 వేలు, ఇల్లు గడవడానికి 26 వేలు. ఈ 67 వేలు ఎవరి కోసమూ ఆగవు. గోవా ఈఎంఐ, కార్డుకు మీరు కడుతున్న కనీస మొత్తం 4,200 కలిపితే 78 వేలు. మీవారి జీతం ఒక్క నెల ఆగిందనుకోండి. మీ 31 వేలు పోను 47 వేలు తక్కువ పడుతుంది. ఖాతాలో ఉన్నది 40 వేలు. అంటే మీ కుటుంబానికి ఒక్క నెల ఊపిరి కూడా లేదు. ఉద్యోగం పోనక్కర్లేదు, బండి మీద నుంచి పడి కాలు విరిగి రెండు నెలలు జీతం లేని సెలవు పెట్టినా ఇదే పరిస్థితి. అప్పుడు పాప ఈత ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది? మళ్లీ అదే కార్డు నుంచే.

ఆ కార్డు సంగతి చూడండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ చొప్పున 84 వేల మీద 2,940, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 3,470. మీరు కడుతున్న 4,200లో అసలుకు జమయ్యేది 730 రూపాయలు! పైగా బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఈ నెల గీకిన పిజ్జా బిల్లుకు కూడా. గోవాకు 'వడ్డీ లేని ఈఎంఐ' ఇచ్చారని మురిసిపోయి రాశారు. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. ఆ వడ్డీ ప్యాకేజీ ధరలోనో, మీకు రాకుండా పోయిన తగ్గింపులోనో, ప్రాసెసింగ్ రుసుములోనో దాక్కుంటుంది.

ఇక సింగపూర్. 3.2 లక్షలకు 24 నెలల పాటు నెలకు దాదాపు 15,700 పడుతుంది. గోవా ఈఎంఐ తీరి, చదరంగం, అబాకస్ మానిపించినా, ఇప్పుడు నెలకు మిగులుతున్న 500తో కలిపి మీ చేతిలో ఉండేది 10,800. తక్కువ పడినదానికి 'ఆయన బోనస్ ఉంది కదా' అని రాశారు. ఆ బోనస్‌నే ఉత్తరంలో మరోచోట ఇంటికి రంగులు వేయించడానికి, ఇంకోచోట పాప అరంగేట్రానికి కూడా కేటాయించారు. ఒకే 90 వేలను మూడుసార్లు ఖర్చు పెట్టేశారన్నమాట! అప్పు తీసుకుని ఇల్లు కట్టుకున్నా, చదివించినా నేను వద్దనను. నాలుగు రోజుల విహారానికి రెండేళ్ల కిస్తులంటే మాత్రం నాకు విసుగొస్తుంది. ఈ యాత్ర బాకీ తీరకముందే పిల్లలు తర్వాతి వేసవి యాత్ర అడుగుతారు. గోవా విషయంలో జరిగింది అదే కదా?

పిల్లల తరగతులకు నేను వ్యతిరేకిని కాను. నాలుగింటికీ కలిపి నెలకు 9,500 అవుతోంది. పాప కూచిపూడికి మూడేళ్లుగా ఇష్టంగా వెళ్తోందని రాశారు, దాని జోలికి వెళ్లవద్దు. సముద్రం పక్కన ఉంటూ ఈత రాకపోవడం మంచిది కాదు, అదీ ఉంచండి. బాబుకు చదరంగం మీద ఆసక్తి ఉందని, అబాకస్‌కు ఏడుస్తూ వెళ్తాడని మీరే రాశారు. మరి 1,500 కట్టి ఏడిపించడం ఎందుకు?

ఆదివారాల దగ్గరే అసలు చిల్లు ఉంది. మీరు జతచేసిన ఒక్క ఆదివారం బిల్లులు కూడి చూశాను. సినిమా టికెట్లు 708. విరామంలో పాప్‌కార్న్, కూల్‌డ్రింకులు 1,090. గేమ్ జోన్ కార్డు రీచార్జి 1,000. రాత్రి భోజనం 1,720. మొత్తం 4,518. ఇంట్లోంచి బయలుదేరింది సినిమాకు, అన్నిటికన్నా తక్కువ ఖర్చయింది సినిమాకే. గేమ్ కార్డులో 140 మిగిలిందని రాశారు చూడండి, ఆ 140 వృథా పోకూడదని వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తారు, మళ్లీ 1,000 వేయిస్తారు. అది మిగలడం కూడా వాళ్ల వ్యాపారంలో భాగమే. నెలకు 11 వేలన్నది మీ అంచనా. పుట్టినరోజుల కానుకలు, ఇంటికి తెప్పించుకునే తిండి అందులో ఉన్నట్టు లేవు.

విశాఖలో ఉండి బయటకు వెళ్లాలంటే మాల్ తప్ప వేరే చోటు లేదనడం నాకు అర్థం కాదు. రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది, ఎదురుగా టీయూ-142 విమానం ఉంది. ఇరుకు దారిలో వంగి నడుస్తూ నావికులు పడుకునే బల్లలు చూసిన పిల్లవాడు వారం రోజులు దాని గురించే అడుగుతాడు. తొట్లకొండ, కంబాలకొండ, జూ, పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే సొరంగాల మీదుగా అరకు. నెలలో ఒక ఆదివారం సినిమాకూ వెళ్లండి, తినుబండారాల పరిమితి ఇంటి దగ్గరే అనుకుని బయలుదేరండి. విహారాలన్నీ కలిపి నెలకు 5,500 దాటకూడదు.

ఇప్పుడు వరుస వినండి. వచ్చే నెల బోనస్ చేతికి రాగానే 84 వేల కార్డు బాకీ పూర్తిగా తీర్చేయాలి. రంగులు ఆగుతాయి. అరంగేట్రానికి ఇంకా ఏళ్లున్నాయి. దాంతో నెలకు 4,200, విహారాల్లో 5,500, అబాకస్ 1,500, ఇప్పుడు మిగులుతున్న 500 కలిపి 11,700 చేతిలో ఉంటుంది. 5 నెలల తర్వాత గోవా ఈఎంఐ కూడా తోడై 18,500 అవుతుంది. ఇదంతా ఒకే చోటికి వెళ్లాలి: అత్యవసర నిధి. లక్ష్యం 4 లక్షలు, అంటే ఆగని ఖర్చులకు 6 నెలల డబ్బు. ఉన్న 40 వేలు దానికి తొలి మెట్టు. జీతాల ఖాతాలో ఉంచవద్దు, ఏటీఎం కార్డు లేని మరో బ్యాంకు ఖాతా తెరవండి. లక్ష దాటాక కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి, కొంత లిక్విడ్ ఫండ్‌లోకి (స్వల్పకాలిక రుణపత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) మార్చుకోవచ్చు. లిక్విడ్ ఫండ్ నుంచి అప్పటికప్పుడు తీసుకోగలిగేది రోజుకు 50 వేల వరకే కాబట్టి అంతా అందులోనే పెట్టకండి. బీమా ప్రీమియం పోను ఈ నిధి నిండటానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. విహారం కోసం దీన్ని ముట్టుకోవడానికి వీల్లేదు, పిల్లలు ఎంత మారాం చేసినా సరే.

బీమా అన్నాను కదా. ఆరోగ్య బీమా కింద మీకున్నది కంపెనీ ఇచ్చిన 3 లక్షల గ్రూపు పాలసీ ఒక్కటే. ఉద్యోగంతో పాటే అదీ పోతుంది, సరిగ్గా డబ్బు లేని సమయంలో. నలుగురికీ కలిపి 10 లక్షల సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. మీవారి బీపీ సంగతి దాచకుండా రాయండి, ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం (క్లెయిమ్ వర్తించేదాకా ఆగాల్సిన గడువు) గరిష్ఠంగా 3 ఏళ్లే. ఆయన పేరిట కోటి రూపాయల టర్మ్ పాలసీ (ఆయనకు జరగరానిది జరిగితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా) కూడా కావాలి. ఇంటి రుణమే 24 లక్షలుంది.

చదువు కోసం సిప్ నిధి నిండాక, ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లన్నిటిలో పెట్టే మ్యూచువల్ ఫండ్). సింగపూర్‌కు కూడా అప్పుడే ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. అందులో డబ్బు పోగయ్యాకే టికెట్లు. ఈలోగా పాపకు 11 ఏళ్లు వచ్చాయి, కూర్చోబెట్టి యాత్ర ఎందుకు వాయిదా పడిందో ఈ లెక్కలే చూపించండి, అర్థం చేసుకుంటుంది. ట్రావెల్స్ వాళ్లకు అడ్వాన్సు ఏమైనా ఇచ్చి ఉంటే రద్దు నిబంధనలు ఇవాళే చదవండి. ఆలస్యమయ్యేకొద్దీ కోత పెరిగే షరతులు వాటిలో తరచూ ఉంటాయి. కార్డు బాకీ కట్టేటప్పుడు యాప్‌లో 'కనీస మొత్తం' కాకుండా 'పూర్తి మొత్తం' నొక్కారో లేదో ఒకసారి చూసుకోండి. గత బిల్లు తర్వాత పడిన వడ్డీ వచ్చే నెల బిల్లులో కొద్దిగా కనిపిస్తుంది, దాన్నీ గడువులోపే తీర్చండి.