అమ్మానాన్నలతో కొండల నడుమ సరస్సు చూడాలంటే: కాండర్‌స్టెగ్‌లో మా మూడు రాత్రులు

స్విట్జర్లాండ్‌లో నాలుగు రోజులు ఉంటామని, అరవై దాటిన అమ్మానాన్నలు, తొమ్మిదేళ్ల పాప వెంట ఉంటారని, ప్రశాంతమైన ఊరు, దగ్గరలో సరస్సు, అందరూ నడవగలిగే కొండదారులు ఉన్న చోటు ఏదైనా చెప్పమని మీరు రాసి అడిగారు. బెర్న్ రాష్ట్రంలో, సముద్రమట్టానికి దాదాపు 1,175 మీటర్ల ఎత్తున ఉన్న కాండర్‌స్టెగ్ గ్రామానికి వెళ్లమని నా సలహా. రెండేళ్ల కిందట సెప్టెంబరు మొదటి వారంలో మా అమ్మానాన్నలను తీసుకువెళ్లి అక్కడ మూడు రాత్రులు ఉన్నాను. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే యాత్రగా దీన్ని పెట్టుకోకండి. కనీసం రెండు రాత్రులైనా ఆ ఊళ్లో నిద్ర చేస్తేనే మీరు కోరుకున్న ప్రశాంతత దొరుకుతుంది.

బెర్న్ నుంచి ష్పీట్స్ మీదుగా నేరుగా వెళ్లే రైలు ఉంది, ప్రయాణం గంటా పది నిమిషాలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. అయితే ష్పీట్స్ దాటాక అన్ని రైళ్లూ ఈ ఊరికి రావు. 2007లో కొండల అడుగున 34 కిలోమీటర్లకు పైగా పొడవున కొత్త సొరంగం తెరిచినప్పటి నుంచి వేగంగా వెళ్లే రైళ్లు అందులో దూరి అవతలి లోయలో తేలుతున్నాయి. 1913 నాటి పాత కొండమార్గంలో వెళ్లే రైలు మాత్రమే కాండర్‌స్టెగ్‌లో ఆగుతుంది కనుక ఎక్కేముందు తెరమీద ఊరి పేరు ఉందో లేదో చూసుకోండి.

మీరు చూడవలసిన సరస్సు ఓషినెన్. ఊరి అంచునుంచి గొండోలా (తీగమీద వెళ్లే రోప్‌వే బండి) ఎక్కితే పది నిమిషాల లోపే దాదాపు 1,680 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది, అక్కడినుంచి సరస్సుకు ఇరవై అయిదు నిమిషాల నడక. సరస్సు 1,578 మీటర్ల ఎత్తున ఉంది, అంటే వెళ్లేటప్పుడు వంద మీటర్లు దిగుతాం, అలసిపోయి తిరిగివచ్చేటప్పుడు ఆ వంద మీటర్లూ ఎక్కాలి. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఈ సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి. నడవలేనివారి కోసం ఎలక్ట్రిక్ బండి కూడా ఉంది, అది ఆ రోజు నడుస్తోందో లేదో టికెట్ తీసుకునేటప్పుడే అడగండి.

పదకొండు దాటితే ఇతర ఊళ్లనుంచి వచ్చిన యాత్రికులతో ఒడ్డంతా నిండిపోతుంది. మేము మొదటిరోజు మధ్యాహ్నం వెళ్లి, ఇంత దూరం వచ్చింది ఈ జనాన్ని చూడటానికా అని బాధపడ్డాం. మర్నాడు గొండోలా తెరిచే వేళకే వెళ్లాం. ఒడ్డున పదిమంది కూడా లేరు. ఎదురుగా 3,661 మీటర్ల బ్లూమ్లిసాల్ప్ శిఖరం మీద ఎండ పడింది కానీ నీరు ఇంకా నీడలోనే ఉంది. ఒడ్డు దగ్గర అడుగున ఉన్న ప్రతి గులకరాయీ కనబడుతోంది, నాలుగడుగుల అవతల అదే నీరు పచ్చగా, ఇంకొంచెం లోపలికి ముదురు నీలంగా మారుతోంది. నిలువు కొండలమీదినుంచి పడే సన్నటి ధారల చప్పుడు సరస్సు ఈవలి ఒడ్డుకు కూడా వినబడుతోంది. మా అమ్మ చెప్పులు విడిచి పాదాలు తడిపి, చలికి వెంటనే తీసేసి, మళ్లీ పెట్టింది. అరగంటసేపు ఎవరమూ మాట్లాడుకోలేదు.

ఈ సరస్సు పుట్టుక కూడా పాపకు చెప్పదగ్గది. రెండు వేల ఏళ్లకు పైగా కిందట పక్క కొండ విరిగిపడి లోయకు అడ్డుకట్టలా నిలిచింది, దాని వెనుక నీరు చేరింది. పైకి కనబడే వాగేదీ సరస్సునుంచి బయటికి పోదు. నీరంతా ఆ రాళ్ల కిందినుంచే ఊరి వైపు దిగుతుంది. అందుకే చలికాలం చివరికి మట్టం మీటర్ల కొద్దీ తగ్గి, మంచు కరిగాక మళ్లీ పెరుగుతుంది. ఆ కొండల కదలిక ఇప్పటికీ ఆగలేదు. సరస్సుకు పైనున్న ష్పిట్సె ష్టై అనే రాతివాలు కదులుతూనే ఉండటంతో అధికారులు దాన్ని నిత్యం కనిపెడుతూ, దాని కింది దారులను మూసివేస్తూ ఉంటారు. మూసిన దారి అడ్డు దాటి ఎవరో వెళ్తున్నారని మీరు వెళ్లవద్దు. ఏ దారులు తెరిచి ఉన్నాయో ఏరోజుకారోజు గొండోలా కౌంటరులోనే కనుక్కోండి.

ఇక నేను చేసిన పొరపాటు. సరస్సును పైనుంచి చూపించే హొయ్‌బెర్గ్ దారి ఉంది, 1,900 మీటర్లు దాటి ఎక్కుతుంది. నాన్నగారు అలిపిరి మెట్లమీదుగా ఎన్నోసార్లు తిరుమల కొండెక్కిన మనిషి కదా అనే ధైర్యంతో రెండోరోజు మధ్యాహ్నం ఇద్దరినీ ఆ దారిన నడిపించాను. మెట్లు ఎక్కడం వేరు, ఒకపక్క లోయ ఉన్న సన్నటి దారిలో కదిలే రాళ్లమీద అడుగు వేయడం వేరు. గట్టి పట్టులేని బూట్లతో ఉన్న అమ్మ ఒకచోట కొండగోడను పట్టుకుని కూర్చుండిపోయింది, అదే సమయానికి మబ్బు కమ్ముకొచ్చింది. వెనక్కి తిరిగాం. ఎక్కినప్పటికంటే రెట్టింపు సమయం పట్టింది, అంతసేపూ అమ్మ చెయ్యి నా చేతిలో వణుకుతూనే ఉంది. ముందురోజు రాత్రే ఆమెను కూర్చోబెట్టి దారి ఎలా ఉంటుందో చెప్పి అడగవలసింది, అది నేను చేయలేదు.

కాబట్టి గుర్తులు చదవడం నేర్చుకోండి. పసుపు బోర్డు మీద పసుపు మొన మాత్రమే ఉంటే అది మామూలు నడకదారి, మీ అమ్మానాన్నలకు అది చాలు. తెలుపు ఎరుపు తెలుపు పట్టీలుంటే కొండదారి, మంచి బూట్లూ, తల తిరగని స్థైర్యమూ కావాలి. తెలుపు నీలం తెలుపు మనలాంటి కుటుంబాలకు కాదు. బోర్డుమీద వేసిన సమయంలో విశ్రాంతి కలపరు, గంట అని ఉంటే మీరు రెండు గంటలు అనుకుని బయలుదేరండి. మధ్యాహ్నం తర్వాత వేసవిలో ఉరుములు రావడం మామూలే కనుక ఎత్తుకు ఎక్కే పని ఉదయమే ముగించాలి. మేతభూముల మీదుగా పోయేటప్పుడు దూడలున్న ఆవుల దగ్గరికి పాపను వెళ్లనివ్వకండి, అవి మన ఊరి ఆవుల్లా మనుషులకు అలవాటుపడినవి కావు.

భోజనం గురించి కూడా అడిగారు. వంటగది ఉన్న అపార్ట్‌మెంటు తీసుకోండి. మేము బియ్యం, కందిపప్పు, ఆవకాయ వెంట తీసుకువెళ్లాం, అక్కడ దొరికే చక్కెర కలపని పెరుగు కమ్మగా ఉంటుంది, నాన్నగారికి రాత్రి పెరుగన్నానికి లోటు రాలేదు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి, శనివారమే కొనిపెట్టుకోండి.

పాపకు సరస్సులో తెడ్లు వేసే పడవ అద్దెకు దొరుకుతుంది, గొండోలా పైస్టేషను దగ్గర వేసవిలో వాలు మీద జారే బండి కూడా ఉంది. వానరోజున పైకి వెళ్లవద్దు, మబ్బులో సరస్సే కనబడదు. దిగువన కాండర్‌గ్రుండ్‌లో బ్లౌసే అనే చిన్న నీలి సరస్సు ఉంది, బస్సులో వెళ్లవచ్చు, లోపలికి టికెట్ ఉంటుంది. అక్కడ నీటి అడుగున పడివున్న చెట్ల మానులు వానలో కూడా స్పష్టంగా కనబడతాయి. ప్రయాణం ఏ నెలలోనో మీరు రాయలేదు. అక్టోబరు చివరినుంచి డిసెంబరు మధ్యవరకు అయితే టికెట్లు కొనేముందే గొండోలా నడుస్తుందో లేదో చూసుకోండి, ఆ మధ్యకాలంలో దాన్ని ఆపుతారు.