గిన్నెలో గీత

చిరంజీవి తల్లికి, అత్త ఆశీస్సులు.

బెంగళూరు ఉద్యోగం వదిలి, మన జిల్లాలో ఆశా కార్యకర్తలకు శిక్షణ పాఠాలు తయారుచేయడానికి ఒప్పుకున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. సంతోషంతో కాసేపు నోట మాట రాలేదు. తరువాత తెల్లవార్లూ నిద్ర రాలేదు. "అన్నీ కథలతోనే చెబుతుందట" అని వాడు మురిసిపోయాడు చూడు, అక్కడే నా గుండె ఝల్లుమంది. అందుకే ఈ ఉత్తరం.

హాలులో గాలి ఆడాలి, భోజనం వేళకు పెట్టాలి, కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు వాళ్ళను చీకటి పడకముందే బస్సెక్కించాలి. ఇవి నీకు చెప్పనక్కరలేదు.

కథ వద్దని నేను అనను. విరేచనాలయ్యే బిడ్డకు నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయన్న నమ్మకం మనం ఆజ్ఞాపిస్తే పోదు. కోడలికి ఇష్టమున్నా అత్త "వద్దు" అంటుంది. ఆశా కార్యకర్త కూడా ఆ ఊరి కోడలే కదా, పెద్దవాళ్ళకు ఎదురు చెప్పాలంటే ఆమెకూ గొంతు పెగలదు. నీ కథ ఆ వాకిట్లోనే మొదలు కావాలి. అత్త ఏమంటుంది, ఈమె ఏమని బదులిస్తుంది, అన్నది కథలో వినిపించాలి. అది వింటే రేపు ఆమెకు మాట దొరుకుతుంది.

ఇక నా తప్పు. ఇంతవరకు మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను ఏ.ఎన్.ఎం.గా, అంటే ఊళ్ళు తిరిగే నర్సుగా చేరిన తొలి రోజులు. ఎండాకాలం, ఊరంతా విరేచనాలు. వేపచెట్టు కింద తల్లులను కూర్చోబెట్టి ఇద్దరు తోడికోడళ్ళ కథ చెప్పాను. ఒకామె నీళ్ళు మాన్పించి బిడ్డను పోగొట్టుకుంది, రెండో ఆమె తాగించి బతికించుకుంది. నాకు కథ చెప్పడం వచ్చు, నీకు తెలుసు. కొంగుతో కళ్ళు ఒత్తుకోని వాళ్ళు లేరు. ఆ ఊపులో, "గ్లాసు నీళ్ళలో ఓ.ఆర్.ఎస్. ఉప్పు-చక్కెర పొడి ప్యాకెట్ విప్పి కలిపింది, చెంచా చెంచాగా పోసింది" అనేశాను. గ్లాసు అన్న మాట ఎందుకు వచ్చిందంటే, కథ నడకకు బాగుంది కాబట్టి. చివరలో "ప్యాకెట్ లీటరు నీళ్ళకు" అని సరిగానే చెప్పాను. కానీ అప్పటికి అందరూ లేచి కొంగులు దులుపుకుంటున్నారు.

మూడో రోజు ఒక తల్లి ఏడాదిన్నర పాపను భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. పాప నాలుక పిడచకట్టింది, ఎంత తాగించినా దాహం తీరడం లేదు, ముట్టుకుంటే కెవ్వుమంటోంది. నా కళ్ళ ముందే ఫిట్స్ వచ్చాయి. జీపులో అనంతపురం తీసుకెళ్ళాం. ఒంట్లో ఉప్పు బాగా పెరిగిపోయిందని, ఏం తాగించారని డాక్టరుగారు అడిగారు. ఆ తల్లి నా వైపు చూసి, "అమ్మ చెప్పినట్టే గ్లాసులో కలిపాను" అంది. నిందించలేదు తల్లీ. నేను చెప్పింది చెప్పినట్టు చేశానని నాకు అప్పజెప్పింది. పాప బతికింది. ఆ చూపు మాత్రం నన్ను ఈ రోజుకీ వదలలేదు.

ఆ వారమే ఒక లీటరు సీసా సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. వాళ్ళ గిన్నె వాళ్ళ చేతే తెప్పించి, సీసాడు నీళ్ళు పోసి, నీళ్ళు ఆగిన చోట లోపలివైపు మేకుతో గీత గీశాను. పెళ్ళికి పెట్టిన స్టీలు గిన్నెల మీద పుట్టింటివాళ్ళ పేర్లు చెక్కి ఉండేవి, లోపల నా గీత. పని చేసేటప్పుడు చూసుకోవడానికి పెట్టుకునే గుర్తు, మీరు జాబ్ ఎయిడ్ అంటున్నది అదే. అది శిక్షణ హాలులో గోడకు కాదు, పని జరిగేటప్పుడు చేతికింద ఉండాలి. కథలో కొలత ఉంచకు. ఉంచితే ఒక్కసారి కూడా తప్పు ఉండకూడదు.

గుర్తు లేక కాగితం చూస్తున్నారని ఆ అమ్మాయిలను ఎవరినీ చిన్నబుచ్చనివ్వకు. ధర్మవరంలో ముప్పై ఏళ్ళుగా నేస్తున్నవాడు కూడా అంచులోని నెమలిని తలలో మోయడు. ఏ పోగు లేవాలో మగ్గం మీది జకార్డు అట్టల చిల్లులు చెబుతాయి. ఆపరేషన్ చేసే డాక్టర్లకే 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల చీటీ ఇచ్చింది. రోగి ఎవరు, కోయవలసింది ఎక్కడ అన్నవి కూడా పైకి చెప్పుకుని సరిచూసుకోమంది.

ప్యాకెట్ లేనప్పుడు లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు అని రాస్తావు కదా, పక్కన చెంచా బొమ్మ తలకొట్టి చదునుగా వేయి. మన ఇళ్ళలో చెంచా అంటే కుప్పే. జింకు మాత్రలు 14 రోజులు వేయాలి. మూడో రోజుకు విరేచనాలు కట్టగానే తల్లి మానేస్తుంది. రోజుకొకటి కొట్టేసుకునేలా 14 గళ్ళ చీటీ ఇస్తే ఇంకా ఎన్ని మిగిలాయో ఆమెకే కనబడుతుంది. రంగులు, బొమ్మలు, కంప్యూటర్ హంగులు తరువాత చూసుకోవచ్చు. నీకు బొమ్మలంటే ప్రాణం, చిన్నప్పుడు మా ఇంటి అరుగంతా బొగ్గుతో నింపేదానివి. నేను కడగనివ్వలేదు, గుర్తుందా? ఇప్పుడు మాత్రం, చీటీలో చోటు చాలకపోతే ముందు బొమ్మ తీసెయ్యి, కొలత తీయకు. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

వేళకు తిను. రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చున్నావని మీ అమ్మ మళ్ళీ చెబితే నేనే బస్సెక్కి వస్తాను.

ఆదివారం వచ్చేటప్పుడు నీ మొదటి చీటీ అచ్చు వేయించి తీసుకురా. మా వీధి చివర ఇంట్లో ఒక అవ్వ ఉంది, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. చీటీ ఆమె చేతికిచ్చి మనం పక్కన కూర్చుందాం. ఆమె ఎక్కడ ఆగినా నువ్వు నోరు విప్పకూడదు, ఎక్కడ ఆగిందో రాసుకో. గిన్నె, ప్యాకెట్ నేను సిద్ధంగా ఉంచుతాను.

మీ అత్త