ఆకూ వేరూ: నన్నారి వేరు సన్నమా, లావా?

ప్రశ్న: టీచరమ్మా, రెండేళ్ల కిందట నర్సరీ నుంచి సుగంధిపాల, అదే నన్నారి, మొక్క తెచ్చి కుండీలో పెట్టాను. మొన్న తవ్వి చూస్తే వేర్లు చీపురుపుల్లల్లా ఉన్నాయి. మా వీధి చివర షర్బత్ బండాయన గాజు సీసాలో పెట్టి చూపించే నన్నారి వేరేమో బొటనవేలంత లావుంది. నర్సరీవాళ్లు నన్ను మోసం చేశారా?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మోసం లేదమ్మా. మీ కుండీలోదీ అసలుదే, బండాయన చూపించేదీ దొంగసరుకు కాదు. పేరు ఒకటే, తీగలు రెండు.

మీది హెమిడెస్మస్ ఇండికస్. ఆకు సన్నగా, పొడుగ్గా, నడిమీనె వెంట తెల్లటి చార గీసినట్టు ఉంటుంది. తుంచితే పాలు కారతాయి. దీని వేరు ఎన్నేళ్లున్నా సన్నమే. ఆయుర్వేదంలో శారిబ, అనంతమూలం అనేది దీన్నే. బండాయన సీసాలోది మారేడు కొమ్ములనే గడ్డ అయి ఉండాలి, శాస్త్రనామం డెకాలెపిస్ హామిల్టోనీ. కొండరాళ్ల సందుల్లో పెరిగే తీగ అది. ఆకు వెడల్పు, వేరు కండపట్టి ఉంటుంది, మధ్యలో పుల్లలాంటి బెండు. రెండూ జిల్లేడు కుటుంబంలోవే. వాసన కూడా ఒకటే, ఎందుకంటే రెండు వేర్లలోనూ వాసననిచ్చే పదార్థం ఒకటే. అది వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌కి తోబుట్టువు. అవే పరమాణువులు, అంతే లెక్క, కూర్పు మాత్రం వేరు. నన్నారి తాగినప్పుడు ఐస్‌క్రీం గుర్తొచ్చేది అందుకే. ఇలాంటి తోబుట్టువుల్నే ఐసోమర్లంటారు. నలభై మంది ఇంటర్ పిల్లలకి ఆ పాఠం చెప్పడానికి నేను ఏటా ఒక వేరు ముక్క క్లాసుకి పట్టుకుపోయేదాన్ని. బోర్డు మీద గీసిన బొమ్మకంటే ఆ ముక్కే ఎక్కువ గుర్తుండేది వాళ్లకి.

షర్బత్ సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఎందుకంటే మొదటిసారి నేను చేసింది పూర్తిగా పాడైంది. వేర్లని మూతలేని గిన్నెలో గంటసేపు మరిగించాను. వంటిల్లు, వసారా, పక్కవాళ్ల మేడ అంతా ఘుమఘుమ. గ్లాసులో పోసుకుంటే చెక్కకషాయం! ఆ వాసన ఆవిరితో పాటే ఎగిరిపోయే రకం. మా అమ్మ చూసి, "వీధికంతా పంచావు, మనకేం మిగిల్చావే?" అంది.

ఇప్పుడిలా చేస్తున్నాను. ఎండు వేరు 50 గ్రాములు తీసుకుని రెండు మూడు నీళ్లలో రుద్ది కడగాలి, మెలికల్లో మన్ను దాక్కుంటుంది. రోట్లో వేసి పైపైన దంచితే తొక్క విడుస్తుంది. వాసనంతా ఆ తొక్కలోనే, లోపలి బెండు ఉత్త కట్టె. తీసి పారేయండి. తొక్క మీద అర లీటరు సలసల కాగే నీళ్లు పోసి, వెంటనే మూతపెట్టి, రాత్రంతా వదిలేయండి. పొద్దున గుడ్డలో వడకట్టి, కిలోకి కాస్త తక్కువ పంచదార వేసి, సన్నమంట మీద కరిగేదాకా ఉంచండి చాలు. తాగేటప్పుడు నిమ్మకాయ, నానిన సబ్జా గింజలు, చల్లటి నీళ్లో సోడానో మీ ఇష్టం. పల్చటి టీ రంగు వస్తుంది. అంగట్లో ముదురు ఎరుపు చూసి ఇది తేలిపోయిందనుకోకండి, ఆ ఎరుపు వేరుది కాదు. చలవ చేస్తుందన్న పేరుంది కదా అని షుగరున్నవాళ్లు రెండు గ్లాసులు లాగించేయకండి. ఆ పాకంలో సగానికి పైగా పంచదారేనన్న సంగతి గుర్తుంచుకోండి.

మీ కుండీ వేర్లు షర్బత్‌కి చాలవు. తల్లివేరు ముట్టుకోకుండా పక్కవేరు ఒక్కటి కోసి, మన్ను కప్పేసి, ఆ ముక్క కడిగి మంచినీళ్ల కుండలో వేసుకోండి. మారేడు కొమ్ముల విషయంలో మాత్రం నాకు బెంగగా ఉంది. గడ్డ కోసం తీగని మొదలంటా పెకలించేస్తున్నారు, అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాకి ఎక్కింది. నర్సరీల్లో దొరికితే ఒకటి నాటండి.

ప్రశ్న: మా నాయనమ్మ వానాకాలం ఏటి నీళ్లలో ఏదో గింజ రుద్దేది. నీళ్లు తేటపడేవి. అది నిజంగా పనిచేస్తుందా, నమ్మకమా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: పనిచేస్తుంది నాయనా. అది చిల్లగింజ. చెట్టుని ఇండుప అని కూడా అంటారు, సంస్కృతంలో కతకం. తడి కుండ లోపలి గోడకి గింజని గంధం అరగదీసినట్టు గుండ్రంగా రుద్ది, అందులో నీళ్లు పోసి, కదపకుండా వదిలేసేవాళ్లు. మట్టిరేణువులన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. గింజలోని జిగురు వాటిని కలిపి ముద్ద చేస్తే బరువెక్కి అడుక్కి దిగుతాయి. మునగ గింజల పొడిదీ ఇదే పని. రసాయనాల బదులు వీటితో నీళ్లు తేర్చడం మీద ఇప్పుడు ప్రయోగశాలల్లో పని జరుగుతోంది.

అయితే తేటనీళ్లన్నీ మంచినీళ్లు కావు. తేరుకున్నాక కాచి తాగాల్సిందే. ఇంకొకటి, చిల్లకి దాయాది ముష్టి. ముష్టి గింజ బిళ్లలా చదునుగా, బూడిదరంగు నూగుతో, పట్టులా మెరుస్తుంది. ప్రాణాలు తీసే విషం. చిల్లగింజ చిన్నది, గుండ్రన. ఎరిగిన పచారీ కొట్లోనే కొనండి, అడవిలో మీరే ఏరుకోవద్దు.

ప్రశ్న: ఇక్కడ ఆన్‌లైన్‌లో కుంకుడుకాయలు అమ్ముతున్నారు. వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా?
- ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: వేయొచ్చమ్మా. గింజలు తీసేసి, ఐదారు కాయల తొక్క గుడ్డసంచిలో మూటకట్టి, గోరువెచ్చటి నీళ్లు పెట్టండి. చన్నీళ్లలో సరిగా దిగదు. పట్టుకీ ఉన్నికీ బాగుంటుంది. పసుపు, ఆవకాయ నూనె మరకల మీద ఆశ పెట్టుకోకండి, దానికి మామూలు సబ్బే గతి. తలకి వాడాలంటే ముందు రోజు నానేసి పిసికి వడకట్టండి, కళ్లు జాగ్రత్త. ఆ రసం నిలవ ఉండదు, నాలుగో రోజుకే పులుసుకంపు కొడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే సీసా మీద పేరు రాయండి. మా ఇంట్లో ఒకాయన చింతపండు రసమనుకుని చారులో పోశారు. పొయ్యి మీద నురగ పొంగుతుంటే పప్పు పొంగనుకుని తీసి పారేస్తూ నిలబడ్డారు, పాపం.