పెరట్లో మేపుల్ చెట్టు: మేనకోడలికి ఉత్తరం

చి. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

రోచెస్టర్‌లో కొన్న ఇంటి ఫోటోలు చూశాను. రోడ్డు వైపు వాకిట్లో ఒక షుగర్ మేపుల్ (తీపి రసమిచ్చే చెట్టు) నాటుతానని, పెరట్లోని పెద్ద చెట్టు కూడా అదే అయితే వచ్చే ఫిబ్రవరిలో దాని రసంతో సిరప్, అంటే తీపి పాకం, కాస్తానని రాశావు. రెండో కోరిక తీరవచ్చు. మొదటిది మానుకో.

కారణం ఉప్పు. అక్కడ చలికాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పు, మంచు కరిగినప్పుడు నీళ్లతో కలిసి వేళ్లకు చేరుతుంది. ఈ చెట్టు దాన్ని ఓర్చుకోలేదు. వేళ్లు పైపైనే పాకుతాయి కాబట్టి, తొక్కుడుకు గట్టిపడిన నేల కూడా పడదు. అమెరికాకు వచ్చిన కొత్తలో నేనూ రోడ్డు పక్కనే నాటాను. మూడో వేసవికి ఆకుల అంచులు మాడిన దోసె అంచుల్లా అయ్యాయి. నీళ్లు చాలలేదేమోనని మరిన్ని పోశాను. ఏడో ఏట కొట్టించేశాను.

వెనక పెరట్లో, ఇంటికి 30 అడుగులైనా దూరంగా, నీళ్లు నిలవని చోట నాటు. ఎదిగితే 60 నుంచి 75 అడుగుల ఎత్తు, 40 అడుగులకు పైగా వెడల్పు వస్తుంది. దాని నీడలో గడ్డి సరిగా పెరగదు, ఆ ఆశ వదులుకో. గుంత లోతు వేళ్ల చుట్టూ ఉన్న మట్టిముద్ద ఎత్తుకు మించకూడదు, వెడల్పు మాత్రం దానికి రెండు మూడింతలు ఉండాలి. కాండం అడుగున విచ్చుకునే చోటు నేల పైకి కనిపించాలి. చుట్టూ చెక్కపొట్టు పరుచు కానీ మొదలుకు తగలనివ్వకు. ఇక్కడ చాలామంది పుట్టలా పోస్తారు, లోపల బెరడు కుళ్లుతుంది.

ఇక ఉన్న చెట్టు సంగతి. ఆకు అరచేయిలా ఐదు వేళ్లతో ఉందని మురిసిపోకు, నార్వే మేపుల్ ఆకూ అచ్చం అలాగే ఉంటుంది. ఒక ఆకు కోసి తొడిమ విరువు. పాలు కారితే అది నార్వేది. పట్టణాల్లో నీడ కోసం తెచ్చి నాటితే అడవుల్లోకి పాకింది. మసాచుసెట్స్, న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రాల్లో దాని అమ్మకమే నిషేధం. నీళ్లలాంటి రసం వస్తే నీ అదృష్టం బాగున్నట్టే.

అప్పుడు టేపు తీసుకుని రొమ్ము ఎత్తులో చుట్టుకొలత చూడు. 38 అంగుళాలు దాటితే రసం పట్టడానికి ఒక గొట్టం దించవచ్చు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు మొదలయ్యాక 5/16 అంగుళం డ్రిల్లుతో, రెండు అంగుళాల లోతుకు మించకుండా, బయటికి కాస్త వాలుగా రంధ్రం చెయ్యి. ఏటా చోటు మార్చాలి. రసం మన తాటి నీరా లాంటిదే, నిలవ ఉంచితే పులుస్తుంది. అదే రోజు కాచలేకపోతే మంచులో పెట్టు. మొగ్గలు ఉబ్బాయంటే రుచి చెడుతుంది, గొట్టం తీసేయాలి.

అనకాపల్లిలో బెల్లం వండటం చూసిన కళ్లతో నేను మొదటిసారి మోసపోయాను. చెరుకు రసం చిక్కన, ఇందులో చక్కెర నూటికి రెండు పాళ్లే. 40 లీటర్లు మరిగిస్తే ఒక లీటరు సిరప్. వంటింట్లో కాచాను, ఆవిరికి పైకప్పు రంగు పెచ్చులుగా ఊడి రసంలో పడింది. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. నువ్వు బయట పొయ్యి పెట్టు. నీరు మరిగే వేడికి 7 ఫారెన్‌హీట్ డిగ్రీలు పైకి చేరగానే దించెయ్యి. ఇంకా ఉంచితే పంచదార అవుతుంది.

నిజానికి ఇక్కడి ఆదివాసులు అబెనాకీలు, హోడెనోషోనీలు, అనిషినాబేలు ఎక్కువగా పంచదారే చేసేవారు. ఏడాది పొడవునా నిలవ ఉంటుందని. రసాన్ని బర్చ్ చెట్టు బెరడు పాత్రల్లో పట్టేవారు. కాల్చిన రాళ్లు వేసి మరిగించడం, రాత్రి గడ్డకట్టాక పైన మంచు తీసి పారేసి తీపిని చిక్కబరచడం కూడా వాళ్ల పద్ధతులే. ఈ రెండోది నువ్వూ చెయ్యి, గ్యాసు ఆదా.

ఎప్పుడైనా కొమ్మ విరిగితే పొయ్యిలో పెట్టకు. బాస్కెట్‌బాల్ కోర్టుల నేలకు పరిచే చెక్క అదే, అంత గట్టిది. మా అప్పడాల కర్ర, పీట అలా వచ్చినవే.

కొత్త మొక్క గొట్టం దిగే లావుకు రావడానికి 40 ఏళ్లు పట్టవచ్చు, నర్సరీ వాళ్లు ఆ మాట చెప్పరు. ఆకులు రాలకముందే తొడిమ విరిచి చూసి, పాలా నీళ్లా అన్నది ఆదివారం ఫోనులో చెప్పు.

ఇట్లు,
మామయ్య