యాంటీవైరస్ ఆపి ఎక్కించే సాఫ్ట్‌వేర్ వద్దు

ప్రశ్న: కావలిలో ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఐసింగ్ మోడల్‌ను (గళ్లలో అమర్చిన చిన్న అయస్కాంతాల్లాంటి స్పిన్‌లు పక్కవాటిని ప్రభావితం చేసే నమూనాను) పైథాన్‌లో రాసి, రాత్రంతా ల్యాప్‌టాప్‌లో నడుపుతున్నాను. మొన్న తెల్లవారుజామున అప్‌డేట్ కోసం అది దానంతటదే రీస్టార్ట్ కావడంతో చేసిందంతా పోయింది. సీనియర్ ఒకరు గణిత సాఫ్ట్‌వేర్ క్రాక్ వెర్షన్‌ను (లైసెన్స్ తాళం తొలగించిన కాపీని) పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, యాంటీవైరస్ ఆపి వేసుకోమన్నారు. అది వాడనా, లేక గేమింగ్ ల్యాప్‌టాప్ కొననా?

జవాబు: రెండూ వద్దు. ముందు పెన్‌డ్రైవ్ సంగతి చెప్పాలి, ఎందుకంటే నెల్లూరు, ఒంగోలు వైపు విద్యార్థుల మెయిళ్లలో ఇదే మాట పదే పదే కనిపిస్తోంది. యాంటీవైరస్ ఆపితే తప్ప ఎక్కని ప్రోగ్రాంకు అడ్మినిస్ట్రేటర్ అనుమతి కూడా ఇస్తే, కంప్యూటర్‌ను పూర్తిగా దాని చేతిలో పెట్టినట్టే. క్రాక్ వెంట వచ్చే మాల్‌వేర్ బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను బయటికి పంపవచ్చు, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడగవచ్చు, లేదా గుట్టుగా మీ ప్రాసెసర్‌తో ఇంకెవరికోసమో క్రిప్టోకరెన్సీ మైనింగ్ చేస్తూ ఉండవచ్చు. రాత్రంతా లెక్కలు నడిపేవారు ఈ చివరిదాన్ని అసలు పసిగట్టలేరు. ఫ్యాన్ హోరు తమ ప్రోగ్రాం వల్లే అనుకుంటారు. అదే పెన్‌డ్రైవ్ ల్యాబ్‌లో చేతులు మారితే తోటివారి థీసిస్‌లకూ ముప్పే. పైథాన్ గణిత లైబ్రరీ నమ్‌పై, గణిత సాఫ్ట్‌వేర్ జీఎన్‌యూ ఆక్టేవ్, ఫోర్ట్రాన్ భాషకు జీఫోర్ట్రాన్ కంపైలర్ ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతుండగా ఈ ప్రమాదం ఎందుకు? ఇప్పటికే వేసుకుని ఉంటే డేటా ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించండి. పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చండి.

ఇక వేగం. ఒక్కో స్పిన్‌ను పైథాన్ లూప్‌లో తిప్పుతుంటే ఏ యంత్రమైనా నత్తనడకే నడుస్తుంది. ఆ లూప్‌ను నంబాతో (పైథాన్ కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే సాధనంతో) కంపైల్ చేసినా, ఫోర్ట్రాన్‌లో రాసినా తేడా మీకే తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది పద్ధతి. చదరపు జాలకానికి (స్పిన్‌లు అమర్చిన గళ్లకు) శాస్త్రవేత్త ఓన్సాగర్ 1944లో ఇచ్చిన కచ్చితమైన సాధన ప్రకారం, జే (పక్కపక్క స్పిన్‌ల మధ్య ప్రభావ బలం), బోల్ట్జ్‌మన్ స్థిరాంకాలను 1గా తీసుకుంటే, అయస్కాంత గుణం మాయమయ్యే సందిగ్ధ ఉష్ణోగ్రత సుమారు 2.269. దాని దగ్గర, ఒక్కో స్పిన్‌నే తిప్పి చూసే మెట్రోపొలిస్ పద్ధతిలో జాలకం భుజం రెట్టింపైతే, ఒకదానితో ఒకటి సంబంధం లేని నమూనా కోసం వేయాల్సిన స్వీప్‌లు (స్పిన్‌లన్నిటినీ ఒకసారి చుట్టి వచ్చే విడతలు) నాలుగు రెట్లకు పైగా పెరుగుతాయి. స్పిన్‌లను గుంపుగా తిప్పే వోల్ఫ్ అల్గారిథమ్ (1989) ఈ ఇబ్బందిని చాలావరకు తొలగిస్తుంది. ఇంతటి లాభం కొత్త ల్యాప్‌టాప్‌తో రాదు. పైగా గేమింగ్ గ్రాఫిక్స్ కార్డులు చాలావరకు ఎక్కువ కచ్చితత్వం గల 64 బిట్ల లెక్కలను 32 బిట్ల వేగంలో 32వ వంతు, లేదా 64వ వంతు వేగంతోనే చేస్తాయి. పలుచగా ఉండటమే గొప్పగా తయారయ్యే ల్యాప్‌టాప్‌లైతే మన మే నెల ఎండలకు వేడెక్కి, ప్రాసెసర్ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. గంటల తరబడి లెక్కలకు గాలి ఆడే డెస్క్‌టాప్ మేలు.

నడుస్తున్న పనిని చూడకుండా రీస్టార్ట్ అయ్యే అప్‌డేట్ విధానం, వాడేవారి శ్రమను లెక్కచేయని డిజైన్. అయినా భద్రతా అప్‌డేట్లను ఆపేయకండి. లెక్క మొదలుపెట్టే ముందే వాటిని పూర్తి చేసి, కొద్ది రోజులు పాజ్ చేయండి. కొన్ని వేల స్వీప్‌లకొకసారి స్పిన్‌ల స్థితితో పాటు యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్ స్థితినీ భద్రపరచండి. పాత ఫైలు మీదే రాయకుండా, కొత్త ఫైలులో పూర్తిగా రాశాక దానికి పాత పేరు పెట్టండి. అప్పుడు రాస్తుండగా కరెంటు పోయినా పాతది మిగిలే ఉంటుంది.